సుమన బొటనవేలు

ఆ వారం పది రోజులూ సుమనను నేను ఏడిపించినంతగా ఇంకెవరూ ఏడిపించి ఉండరు. కాలేజీ బస్సు ఎక్కగానే, "మహారాణికి ఇయ్యాల అన్నం ఎవరు తినిపించిండ్రు?" అని అడిగేదాన్ని.

అడగకుండా ఎట్లా ఉంటాను? డిగ్రీ చివరి ఏడు చదివే పిల్లకు వాళ్లమ్మ జోగులమ్మ ముద్దలు కలిపి నోట్లో పెడుతోంది. గిన్నె ముట్టనివ్వదు, బట్ట పిండనివ్వదు. వాళ్ల నాయిన పెంటయ్య కొబ్బరినూనె రాసి వేళ్లు రుద్దుతాడు. ఇదంతా ఒక్క బొటనవేలి కోసం. స్కాలర్‌షిప్ రావాలంటే గద్వాలలో ఆన్‌లైన్ సెంటర్‌కు పోయి మిషన్ మీద వేలు పెట్టాలి. సుమన వేలిని మిషన్ గుర్తుపట్టలేదు.

మా అయిజ వైపు కంపెనీలకు విత్తనం ఇచ్చే సీడు పత్తి వేసే ఇళ్లలో ఇది మామూలే. సాయంత్రం ఒక్కో మొగ్గనూ గోటితో ఒలవాలి, పొద్దున వేరే పువ్వు పుప్పొడి దానికి అద్దాలి. క్రాసింగ్ అంటారు. చిన్నప్పటి నుంచి ఆ పని చేసిన వేళ్ల మీద గీతలెక్కడ మిగులుతాయి? సెంటర్ అతను మంచివాడే. "కొన్ని దినాలు పని ముట్టకు చెల్లే, గీతలు మళ్లొస్తయి. ఆఖరి తారీకు లోపల రా" అన్నాడు.

స్కాలర్‌షిప్ లేకపోతే ఫీజు కట్టలేరు. ఫీజు కట్టకపోతే కాలేజీవాళ్లు పరీక్షకు కూర్చోనివ్వరు. రోజూ నా పక్కన కూర్చుని చదివే పిల్ల సుమనేనని మిషన్ ఒప్పుకోవాలట! నాకు ఒళ్లు మండిపోయేది.

ఆఖరి తారీకు ఇంకా రెండు మూడు రోజులుందనగా వాళ్లమ్మ జోగులమ్మకు జ్వరం ముదిరింది. నేను కాక అని పిలిచే పెంటయ్య ఆమెను గద్వాల దవాఖానకు తీసుకుపోయి అక్కడే ఉండిపోయాడు. చేను నిండా మొగ్గలు. కూలీలు దొరకలేదు. ఒలవని మొగ్గ తెల్లారి తనంతట తానే పూస్తే ఆ విత్తనం కంపెనీ తీసుకోదు, ఇంటిల్లిపాది కష్టం మట్టిపాలవుతుంది. సుమన ఎవరికీ చెప్పకుండా చేలోకి దిగింది.

ఆఖరి రోజున నేను, సుమన, పెంటయ్య కాక ముగ్గురం సెంటర్‌కు పోయాం. సుమన వేలు పెట్టింది. చున్నీకి తుడిచి మళ్లీ పెట్టింది. ఎన్నిసార్లు పెట్టినా ఎర్ర లైటే.

"పనేమన్న ముట్టినవా చెల్లే?" అన్నాడు సెంటర్ అతను.

సుమన తల దించుకుంది. "చేను పోతుండె అన్నా."

కాకకు అప్పుడు తెలిసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది, నాకు అంత దుఃఖం వచ్చేది కాదు. కూతురి చెయ్యి పట్టుకుని బల్ల మీద పెట్టాడు.

"మిషన్‌కు తెల్వకుంటే నేను చెప్త సారూ. పుట్టినకాడి నుంచి పట్టుకున్న చెయ్యి. ఇది నా బిడ్డదే. రాసుకో."

సెంటర్ అతను తల అడ్డంగా ఊపాడు. వెనకాల లైన్లో పిల్లలు ఎదురుచూస్తున్నారు. కాక ఆ చెయ్యిని బల్ల మీద నుంచి తీయనివ్వలేదు.