దీపం అప్పగింత

సోమవారం మా ఆయన ఎయినార్‌ను వృద్ధుల ఆశ్రమంలో చేర్చాలి. ఆలోగా ఆయన నోట నా పేరు ఒక్కసారి వినాలనిపించి, శనివారం పొద్దున సుపీరియర్ సరస్సు నడుమనున్న లైట్‌హౌస్‌కు తీసుకెళ్లాను.

పెళ్లయిన కొత్తలో ఎయినార్ అక్కడే పనిచేసేవాడు. తర్వాత దానికి మనుషులతో పనిలేకుండా యంత్రం బిగించారు. ఏళ్ల తరబడి పక్షులే కాపురం చేశాయి. మొన్నీమధ్య మా ఊరివాళ్లు సంఘంగా ఏర్పడి, తుప్పు గీకి రంగులు వేసి, వేసవిలో చూడనిస్తున్నారు.

గత చలికాలం నుంచి ఆయన నన్ను “ఏమ్మా” అంటున్నాడు, బ్యాంకులో గుమాస్తాను పిలిచినట్టు. పాత చోట్లు చూస్తే ఒక్కోసారి గుర్తులు తిరిగొస్తాయని డాక్టరమ్మ చెప్పింది. ప్రతి ఆదివారం చర్చిలో నేను అడిగిందీ అదే. ఒక్కసారి చాలు ప్రభువా.

పడవ నడిపే డ్వేన్ మా వీధివాడే. “లెంపి పెద్దమ్మా, అలలు లేవకముందే పడవ బరువు తగ్గించాలి. ఆ యాలకుల రొట్టె సంచి ఇటివ్వు” అన్నాడు.

“నీ పొట్ట తగ్గించు, అదే తేలుతుంది” అన్నాను. ఎయినార్ కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆశ పెరిగింది.

ఇనప నిచ్చెన ఎలా ఎక్కుతాడోనని భయపడ్డాను. మెట్టు మీద చెయ్యి పడగానే ఆయన వెన్ను నిటారుగా అయింది. తిన్నగా దీపం గదికి వెళ్లి, సంఘం తరఫున కాపలా ఉంటున్న మార్జ్ అనే ఆవిడ చేతిలోని గుడ్డ లాక్కుని అద్దాలు తుడవడం మొదలుపెట్టాడు. ఇప్పుడు పిలుస్తాడు, ఇప్పుడు పిలుస్తాడు అనుకుంటూ పక్కనే నిలబడ్డాను. అద్దంలో నా ముఖం కనిపించిన చోట కూడా తుడిచి ముందుకు జరిగాడు.

మధ్యాహ్నానికి గాలి వాయవ్యానికి తిరిగింది. డ్వేన్ కింద నుంచి దిగమని కేకేశాడు.

“నా బదులు దీపం చూసే మనిషి ఏడి?” అన్నాడు ఎయినార్.

అప్పట్లో దీపం కాసేవాళ్లకొక పద్ధతి ఉండేది. కొత్తగా వచ్చినవాడు పైకెక్కి, ఉన్నవాడి చెయ్యి పట్టుకుని “దీపం ఇక నాది” అనాలి. ఆ మాట వినకుండా ఉన్నవాడు దిగకూడదు, పడవ వచ్చి వెళ్లిపోయినా సరే. ఆ పద్ధతి వల్లే మా మొదటి క్రిస్మస్ నేను రేవులో నిలబడి గడిపాను.

డ్వేన్ ఆయాసపడుతూ ఎక్కొచ్చాడు. “దీపం ఇక నాది పెద్దాయనా, పద.”

“నువ్వు పడవవాడివిరా. పడవెవడు చూస్తాడు, మీ తాతా?”

“నేనున్నాగా, చూసుకుంటా” అంది మార్జ్.

“వంటకు ఆడమనిషిని పంపారా! చెప్పనేలేదే!”

ఇక నేనే దగ్గరికెళ్లాను. “ఎయినార్, నేను. లెంపిని. ఇంటికి పోదాం.”

ఆయన ముఖం గట్టిపడింది. “ఎవరు చెప్పారు నీకా పేరు? నా భార్య పేరుతో ఆటలా?” అంటూ కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాడు.

“పెద్దమ్మా, ఇంకాసేపైతే నిచ్చెన దగ్గర పడవ నిలవదు” అన్నాడు డ్వేన్ మెల్లగా.

నేను మెట్లు దిగాను. కింద తగిలించి ఉన్న మార్జ్ వానకోటు తొడుక్కుని, జుట్టంతా టోపీలోకి దోపి, బరువుగా అడుగులు వేస్తూ మళ్లీ ఎక్కాను.

“ఆలస్యం చేశావేం అబ్బాయ్?”

“గాలి” అన్నాను గొంతు తగ్గించి. ఆయన చెయ్యి పట్టుకున్నాను. “దీపం ఇక నాది.”

ఆయన భుజాలు వదులయ్యాయి. గుడ్డ నాకిచ్చాడు. “పైనుంచి కిందికి తుడువు. రాత్రి గాలికి ఎవరో పిలిచినట్టుంటుంది. ఎవరూ పిలవరు, పట్టించుకోకు. పెళ్లయిందా?”

“అయింది.”

“నాకూ. లెంపి అని. ఈపాటికి రేవులో ఉంటుంది. చలికి ముక్కు ఎర్రబడుతుంది, అయినా లోపలికెళ్లదు. చెప్తే వినే రకం కాదు.”

అడిగిందే ఇచ్చాడు దేవుడు. ఇలా ఎందుకిచ్చావని అడగకూడదంటారు మా పాస్టరు. అడగకుండా ఎలా ఉండను?

దీపం తీసుకున్న మనిషి అదే పడవలో వెళ్లకూడదు. నేను దిగితే ఆయన మళ్లీ ఎక్కేస్తాడు. మా చెల్లెలి కూతురు కైసాకు ఫోన్ చేసి రేవుకు రమ్మని చెప్పమన్నాను మార్జ్‌తో.

“గాలి తగ్గితే రేపు సాయంత్రం వస్తా” అన్నాడు డ్వేన్, నా ముఖం చూడకుండా.

రేపు, అంటే ఆయన మా ఇంట్లో ఉండే ఆఖరి రోజు. సరేనన్నాను.

పైనుంచి చూస్తూ నిలబడ్డాను. ఆయన పడవ ముందు కూర్చుని, సరస్సు నీళ్లతో చెయ్యి తడుపుకుని జుట్టు సర్దుకున్నాడు. ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. రేవులో ఉండేది కైసా ఒక్కతే. దాన్ని ఆయన ఏమడుగుతాడో నాకు తెలుసు. అది ఏం చెబుతుందో తెలియదు.