దిగిరాని గీత

మెషిన్ల మీద నింద వేసేవాళ్ళంటే కృత్రిమ అవయవాల ఆసుపత్రిలోని ఆ టెక్నీషియనమ్మకి ఒళ్ళుమంట. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, రోగి చర్మం మీద బిళ్ళలు సరిగ్గా అతికించడం చేతకానివాళ్ళే తెరను తిడతారని ఆమె వాదన. అలాంటి మనిషి ఇవాళ తనే మెషిన్ని తిట్టుకుంది.

ఎదురుగా కూర్చున్నాయన లిఫ్టు మెకానిక్. కుడి చెయ్యి మణికట్టు దాకా పోయింది. మిగిలిన ముంజేతి మీద మెషిన్ తీగల బిళ్ళలు అతికిస్తే, కండ బిగిసినప్పుడు తెర మీద గీత లేవాలి, వదులైతే దిగాలి. గీత లేస్తే బల్ల మీది కృత్రిమ హస్తం మూసుకుంటుంది, దిగితే తెరుచుకుంటుంది. ఇది ఆఖరి పరీక్ష. ఇవాళా గీత దిగకపోతే ఆ హస్తం వరసలో తర్వాతివారికి పోతుంది. చేతిపని తప్ప మరోటి తెలియని మనిషికి ఇంకేం మిగులుతుంది చెప్పండి?

“వదులు చెయ్యండి,” అంది.

“చేశానమ్మా.”

గీత దిగలేదు. హస్తం పిడికిలి విప్పలేదు. ఆమె స్పిరిట్‌తో చర్మం తుడిచి కొత్త బిళ్ళలు అతికించింది. మోచేతి ఎముక మీది బిళ్ళనూ మార్చింది. ఊహూఁ. చివరికి అవే తీగలు తన చేతికి తగిలించుకుంది. గీత బుద్ధిగా దిగింది. మెషిన్ అబద్ధమాడటం లేదు. లేని చెయ్యి దేన్నో పట్టుకునే ఉంది.

తీగలు మళ్ళీ ఆయనకే తగిలించి, “ఏం పట్టుకున్నారు?” అని అడిగింది.

తలుపు దగ్గర ఆయన తమ్ముడి భార్య నిలబడి ఉంది. అత్తగారు పంపితే తోడొచ్చింది గాని, ఏడాదిగా ఆమె బావగారితో మాట్లాడలేదు. ఆయన ఆమె వైపు చూడలేదు.

“తమ్ముడి చెయ్యి. లిఫ్టు గోతిలోకి జారాడు, పట్టుకున్నాను. పైనుంచి లిఫ్టు తూకపు దిమ్మ దిగి నా చెయ్యి తెగింది, వాడు పడిపోయాడు. వాడింకా ఈ చేతిలో బరువుగానే ఉన్నాడమ్మా.”

చెయ్యి తెగకముందే అన్నే వదిలేశాడని చుట్టాలన్నారు. నిప్పు లేనిదే పొగ రాదని మరదలు నమ్మింది. ఇప్పుడు దిగిరాని ఆ గీతను చూస్తుంటే ఆమె మొహంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. మెల్లగా దగ్గరికొచ్చింది.

“ఇక చాలు బావగారూ. వదిలెయ్యండి.”

ఆయన కళ్ళు మూసుకున్నాడు. గీత వణికింది. దిగింది. బల్ల మీద హస్తం ఒక్కొక్క వేలే విప్పుకుంది.

టెక్నీషియనమ్మ హమ్మయ్య అనుకుంది. ఆయన మాత్రం కుర్చీలోంచి ముందుకు వంగి, కాళ్ళ కింది నేలలోకి, గోతిలోకి చూసినట్టు చూస్తూ ఉండిపోయాడు.