ముప్పై కిలోల సాక్ష్యం

నేను ఒక గ్రైండర్‌ని. తేలిగ్గా తీసిపారెయ్యకండి. కోర్టు మెట్లెక్కిన గ్రైండర్‌ని. నా కోసం ఇద్దరు లాయర్లు ఫీజులు తీసుకున్నారు. మీ ఇంట్లో ఫ్రిజ్జుకి గానీ, టీవీకి గానీ ఆ యోగం పట్టిందా?

పుట్టింది కోయంబత్తూరులో. లారీలో ఒళ్ళు హూనమై ఏలూరు చేరాను. అక్కడ వీరవల్లి సుబ్బారాయుడు గారని, కరెంటు ఆఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన పెద్దమనిషి, మేనకోడలు దమయంతి పెళ్ళికి నన్ను కొన్నారు. కొన్నవారు ఊరుకోవచ్చుగా! స్టీలు సామాన్ల మీద పేర్లు కొట్టే అతన్ని పిలిపించి, నా డ్రమ్ము చుట్టూ టకటకా కొట్టించారు. "కానుక: వీరవల్లి సుబ్బారాయుడు, లైన్ ఇన్‌స్పెక్టర్ (రిటైర్డ్), పవర్‌పేట, ఏలూరు." ఆయన పేరూ, ఉద్యోగమూ, పేటా పట్టేసరికి డ్రమ్ము నిండిపోయింది. పెళ్ళికూతురి పేరుకి చోటు మిగల్లేదు. "దానిదేముంది, అందరికీ తెలిసిందేగా" అన్నారాయన. అందరికీ తెలిసిందే కాయితం మీద లేకపోతే ఏమవుతుందో పన్నెండేళ్ళకి తెలిసింది.

పెళ్ళికొడుకు రత్నాజీ ఎరువుల కొట్లో గుమస్తా. చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు. కానీ ఇంట్లో ఉన్నట్టే ఉండడు. దోశ తింటూ ఫోను చూస్తాడు, ఫోను చూస్తూ ఇంకో దోశ అడుగుతాడు. ఆవిడ ఏదైనా చెప్పబోతే "ఊఁ" అంటాడు. పదకొండేళ్ళు ఆవిడ ఆ "ఊఁ"తో కాపురం చేసింది. ఒకరోజు పప్పు రుబ్బుతూ రుబ్బుతూ ఆగిపోయి, "ఏవండీ, మనం విడిపోదాం" అంది. ఆయన "ఊఁ" అన్నాడు. అర్థమయ్యేసరికి ఆవిడ రెండు సూట్‌కేసులు సర్దుకుని వీధి చివర మేడమీద గది అద్దెకి తీసుకుంది.

ఆటో దొరక్క నన్ను వదిలి వెళ్ళింది. అక్కణ్ణుంచి మొదలైంది నా అవస్థ. ఆ ఏడాదంతా రత్నాజీ నా నెత్తిన హెల్మెట్ పెట్టాడు, పాత పేపర్లు పెట్టాడు, తడి తువ్వాలు ఆరేశాడు. హోటల్ నుంచి ఇడ్లీ పార్సిల్ తెచ్చుకుని నా ముందే కూర్చుని తిన్నాడండీ! ఇంతకన్నా అవమానం ఉంటుందా?

ఏడాది విడివిడిగా ఉన్నాక, ఇద్దరూ కలిసి విడాకులకి పిటిషన్ వేద్దామనుకున్నారు. దమయంతి అడిగింది ఒక్కటే: గ్రైండరు. రెండు టిఫిన్ హోటళ్ళ వాళ్ళు పిండి రుబ్బి ఇస్తే తీసుకుంటామన్నారట. నేనుంటే ఆవిడకి గది అద్దె వస్తుంది, తిండి వస్తుంది. నేను లేకపోతే అన్నగారింటికి వెళ్ళి వదినగారి చేతికింద బతకాలి. ఆ సంగతి తెలిసి కూడా ఈ మహానుభావుడు "ఇవ్వను" అన్నాడు. "సూట్‌కేసులు పోయాయి, మనిషి పోయింది. గ్రైండరు కూడా పోతే నాకేం మిగిలినట్టు?" అని నా మూత మీద కొట్టి మరీ అన్నాడు. ఆ ముక్కకి నాకూ కాస్త జాలేసింది. కాస్తే.

అతని లాయరు గారు ఫోన్లో నచ్చచెప్పారు. స్పీకర్ పెట్టాడు కాబట్టి నేనూ విన్నాను.

"చూడండి రత్నాజీ గారూ, ఇద్దరికీ ఇష్టమైన విడాకులైతే సులువు. పిటిషన్ వేస్తాం, ఆర్నెల్లు ఆగుతాం, మళ్ళీ వెళ్ళి 'మాకిప్పటికీ ఇష్టమే' అంటాం, అయిపోద్ది. కోర్టు ఫీజు పెద్ద లెక్కలోది కాదు. మీరు పేచీ పెడితే మాత్రం అది పోట్లాట కేసవుతుంది. ఏళ్ళు పడుతుంది. వాయిదాకో ఫీజు నాకివ్వాలి. ఆ డబ్బుతో గ్రైండర్లు అరడజను వస్తాయి."

"ఎన్నొచ్చినా సరే, నాకిదే కావాలి."

"సరే, మీ ఖర్మ. పిటిషన్‌కి ముందు రేపు కోర్టులో మీడియేషన్ ఉంది, రాజీ కుదురుస్తారు. అది మీకిచ్చిందేనని ఆధారం ఏదైనా ఉంటే తెండి."

ఆధారం అంటే బిల్లో, ఫోటోనో పట్టుకెళ్తారు లోకంలో. మా వాడు నన్నే పట్టుకెళ్ళాడు. ఏడువందలకి ట్రాలీ ఆటో మాట్లాడి, ఇద్దరు మనుషుల్ని పెట్టి, కోర్టు మెట్ల మీదుగా నన్ను మోయించాడు. గేటు దగ్గర కానిస్టేబులు ఆపాడు.

"ఏంటిది?"

"సాక్ష్యం."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "లోపల పప్పు గానీ ఉందా?" అని మూత తీసి చూసి పంపించాడు.

మీడియేటరు సీతామహలక్ష్మి గారని పెద్దావిడ, లాయరే. నన్ను చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. దమయంతి ఒక పక్క, రత్నాజీ ఒక పక్క. మధ్యలో నేను. పిల్లల్లేరు కాబట్టి ఆ స్థానం నాకు దక్కింది.

ఇచ్చినాయన్నే అడుగుదామని సుబ్బారాయుడు గారినీ రప్పించారు. రాగానే నా పక్కన నిలబడి తన పేరు కనపడేలా ఫోటో తీయించుకున్నారు.

"ఎవరికిచ్చారండీ దీన్ని?" అన్నారావిడ.

"పెళ్ళిలో ఇచ్చానండి."

"అదే, ఎవరికి? అమ్మాయికిస్తే స్త్రీధనం. పూర్తిగా ఆవిడదే, భర్తకి హక్కు లేదు. ఇద్దరికీ కలిపిస్తే ఏం చెయ్యాలో కోర్టు తేల్చాలి."

ఆయన అటు చూశారు, ఇటు చూశారు. ఇద్దరితోనూ చెడకూడదు కదా! "నేనిచ్చానని నలుగురికీ తెలియాలని ఇచ్చానండి" అన్నారు. పన్నెండేళ్ళలో ఆయన నోటివెంట నేను విన్న మొదటి నిజం అది.

సీతామహలక్ష్మి గారు నిట్టూర్చారు. గోడకున్న ప్లగ్గు చూపించి, "రత్నాజీ గారూ, ఒకసారి ఆన్ చెయ్యండి" అన్నారు.

పాపం, ప్లగ్గు పెట్టి స్విచ్ నొక్కాడు. నేను కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. చుట్టూ తిరిగాడు, వంగి కింద చూశాడు. "పాడైనట్టుందండి" అన్నాడు.

దమయంతి లేచింది. కొంగు దోపుకుంది. స్విచ్ మూడేళ్ళ కిందటే పోయిందని ఆవిడకి తెలుసు. దాన్ని పైకెత్తి పట్టుకుని, నా ఎడమ డొక్కలో అరచేత్తో ఒక్కటిచ్చింది. గుర్రుమని లేచాను. ఏడాది తరవాత ఆ చెయ్యి తగిలిందండీ, నాకు ఏడుపొచ్చినంత పనైంది. కోర్టంతా దద్దరిల్లింది. పక్క గదిలోంచి ఎవరో పరిగెత్తుకొచ్చి "జనరేటరా?" అన్నారు.

రత్నాజీ నన్ను చూశాడు, ఆవిడ చేతిని చూశాడు. అరచేతిలో కాయ కాచి ఉంది. ఫోను జేబులో పెట్టేశాడు.

"ఇది ఆవిడదేనండి," అన్నాడు. "నాకు దీన్ని తిప్పడం కూడా రాదు."

సీతామహలక్ష్మి గారు ఒప్పందం రాస్తూ, "భరణం అడిగే హక్కు కూడా నీకుందమ్మా, తొందరపడి వద్దనకు" అన్నారు. ఆలోచించుకునే వచ్చానంది దమయంతి. "పోనీ నీ లాయరుకెంతిచ్చావు?" పదిహేను వేలంది. "అయ్యో, ఆడవాళ్ళకి న్యాయ సేవా సంస్థ వాళ్ళు లాయర్ని ఉచితంగానే పెడతారే!" దమయంతి మొహం చూడాలి అప్పుడు. కాపురం పోయినందుకు రాని కన్నీళ్ళు ఆ పదిహేను వేలకి వచ్చాయి.

పిటిషన్ వేసి, ఆర్నెల్లు ఆగి ఇద్దరూ మళ్ళీ జడ్జి గారి ముందు ఇష్టమేనన్నారు. డిక్రీ వచ్చింది. నా మకాం మేడమీద గదిలోకి మారింది. తెల్లారితే రెండు హోటళ్ళకి, వీధిలో ఇరవై ఇళ్ళకి పిండి. ఒళ్ళు పులిసిపోతోంది గానీ, హెల్మెట్ మొయ్యడం కన్నా ఇదే నయం.

మొన్న ఆదివారం పొద్దున్న ఫోను మోగింది. రత్నాజీ. కొత్త మిక్సీ కొన్నాడట.

"దమయంతీ, మినప్పప్పు ఎంతసేపు నానాలి?"

"నాలుగ్గంటలు."

"నాలుగ్గంటలా! నేను ఇప్పుడే నానబోశాను. రోజూ అన్ని గంటలు ముందే అనుకోవాలా?"

"ఊఁ," అంది దమయంతి.

"పోనీ, నువ్వు పిండి అమ్ముతున్నావటగా. ఎంత?"

"కిలో ఎనభై. ఇంటికి పంపాలంటే పది ఎక్స్‌ట్రా. ముందే ఫోన్‌పే చెయ్యాలి."

"చేస్తాను. ఒక కిలో."

తొంభై రూపాయలు పడ్డాక ఆవిడ కవరు తీసి తూకం మీద పెట్టింది. నా డ్రమ్ములోంచి గరిటెతో పిండి తీసి పోసింది. కిలో దాటింది. ఎక్కువైంది వెనక్కి తియ్యబోయి, చెయ్యి ఆపి, ఇంకో గరిటె వేసి మూతి కట్టేసింది.