ఏడో పుల్లలో అతుకు

పోలరాజు చేతిలో పడితే ఇనుప ముక్కయినా అద్దమైపోవాల్సిందే. కార్ఖానా లేబరేటరీలో ఇరవై రెండేళ్ళుగా అతని పని అదే. పరీక్షకొచ్చిన ఉక్కు ముక్కని ఎమెరీ కాగితం మీద గీత కనబడకుండా రుద్దడం. ఒక్క గీత మిగిలినా ఆ పూట అన్నం సయించేది కాదు ఆ మనిషికి. పనితనం ఎంతుందో పొగరూ అంతే ఉంది మరి.

ఆ పేరు విని, ఎనభై ఒకటిలో, కాలేజీలో పాఠాలు చెప్పే సీతారాం మాస్టారు కార్ఖానా ఊళ్ళోని పర్సుడీహ్ బస్తీలో అతని ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. హిమాలయాల్లో దేవదారు చెట్లని తొలిచి, పెన్సిలంత పుల్లలు నలభై తెచ్చాడాయన. చెట్టు ఏటికో వలయం వేస్తుందట. ఆ ఎత్తు కొండల మీద వెచ్చగా ఉన్న ఏడు వెడల్పుగా, చలి కొరికేసిన ఏడు సన్నగా. థర్మామీటర్లు పుట్టని కాలంలో చలెంతో ఎండెంతో వాటిని కొలిచి చెప్పొచ్చట. నున్నగా రుద్దితే గాని వలయాలు తేలవు. సెలవు రోజుల్లో రుద్ది ఇస్తానన్నాడు పోలరాజు. మైక్రోస్కోపు కింద కొలిచే పని పద్మకుమారిది. రైల్వేలో చేసే పొరుగింటి నీలకంఠం కూతురు. బియ్యెస్సీ ప్యాసై ఇంట్లో కూర్చున్న ఆ పిల్లని మాస్టారికి చూపించింది పోలరాజే.

ఏడో నంబరు పుల్ల చేయి జారి అరుగు మీద పడింది. రెండు ముక్కలైంది. మధ్యలో గోరంత మేర, వలయాలతో సహా, పొడైపోయింది. ఇంకొకడైతే పొట్లం కట్టి తీసుకెళ్ళి ఇలా అయిందండీ అని చెప్పేవాడు. మనవాడు చెబుతాడా? పోలరాజు చేయి జారిందంటే పరువేం కాను! రెండు కొసలూ జిగురేసి కలిపి, అతుకు కనబడకుండా రుద్ది ఇచ్చేశాడు. మాస్టారు చేతులు పట్టుకుని మరీ మెచ్చుకున్నాడు.

మూడు నెలలకి తేడా బయటపడింది. చలి పడ్డ ఏళ్ళు మిగతా చెట్లన్నిట్లో ఒకచోట కుదిరితే, ఏడో పుల్లలో మాత్రం సగం దాటాక తొమ్మిదేళ్ళు ఇవతలకి జరిగిపోయాయి. పద్మకుమారిని మళ్ళీ లెక్కపెట్టమన్నాడు మాస్టారు. మూడుసార్లు అదే లెక్క. నాలుగోసారి బెదురులో ఒకటి తగ్గింది, అయిదోసారి రెండు పెరిగాయి. ఇంకేముంది, నీ కొలత నమ్మలేనమ్మా, నెలాఖరుకి మానెయ్యమన్నాడు.

ఆ సాయంత్రం ఆ పిల్ల పోలరాజు ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడింది.

“నువ్వు చెప్పి పెట్టించిన పని మావయ్యా, నీకు మాట తెచ్చేశాను,” అంది. “నువ్వు రుద్దిన పుల్లకి వంక ఉండదు కదా. నా కళ్ళే బాగోలేవు.”

పోలరాజు టీ తాగమన్నాడు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ టీ తాగుతుంటే ఎదురుగా కూర్చుని చూడటానికి సిగ్గుండాలి. ఉంది కాబట్టే తలెత్తలేకపోయాడు. ఆమె వెళ్ళాక భార్య నూకమ్మకి జరిగింది చెప్పాడు. నూకమ్మ తిట్టలేదు.

“మరింకా ఏటి సేత్తన్నావు కూకుని?” అని మాత్రం అడిగింది.

మర్నాడు డ్యూటీకి సెలవు పెట్టి కాలేజీకెళ్ళాడు. గదిలో మాస్టారూ పద్మకుమారీ ఇద్దరూ ఉన్నారు. ఆమె వినేలా చెప్పకపోతే చెప్పినట్టే కాదనుకున్నాడు.

“ఆ ఏడో పుల్ల ఇరిగిపోనాది బాబూ. మద్దిన పొడైపోతే నానే అతికీసినాను. పిల్ల లెక్క సరైందే.”

మాస్టారు ఏడో పుల్ల తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చాలాసేపు చూశాడు. తరవాత పద్మకుమారి చూసింది. పోలరాజు గోటితో చోటు చూపించినా అతుకు వాళ్ళకి దొరకలేదు.

“ఇంత నేర్పు నేనెక్కడా చూడలేదయ్యా,” అన్నాడు మాస్టారు.

చెంప మీద కొట్టినా బాగుండేది. అన్నాళ్ళూ ఏ మెప్పు కోసం బతికాడో, అదే వింటుంటే నేలలోకి కుంగిపోతున్నట్టయింది పోలరాజుకి.

పద్మకుమారి పనిలో ఉండొచ్చని మాస్టారు అప్పుడే చెప్పేశాడు. ఆ పిల్ల మొహంలోకి సంతోషం రాలేదు.

“మిగతావాటిలో కూడా ఇలాంటివున్నాయా?” అని అడిగింది.

“నేవమ్మా. నా పిల్లల మీదొట్టు.”

అది నిజమే. తక్కిన ముప్ఫై తొమ్మిదీ నిజాయితీగా రుద్దినవే. ఆమె సరేనన్నట్టు తలూపింది. ఊపి, బీరువాలోంచి పెట్టె దింపి, ఒకటో నంబరు పుల్ల తీసి, అతుకెక్కడుందోనని ఈ కొసనించి వెతకడం మొదలుపెట్టింది.