మా ఆయన చెవిలో సవతి

కంపెనీవాడు "మీ కోసమే" అన్నాడంటే వాడి కోసమే అని నా లెక్క. ఈ లెక్క ఇంతవరకు తప్పలేదు. మా మిక్సీకి ఐదేళ్ళ గ్యారంటీ ఇచ్చారు. ఐదేళ్ళ రెండు నెలలకి, ముహూర్తం పెట్టుకున్నట్టు కాలిపోయింది. ఫోను శుభ్రంగా పనిచేస్తుంటే, కొత్త హంగులు వేసుకోమంటారా అని అదే అడిగి, అదే వేసుకుని, అప్పటినుంచి నత్తనడక నడుస్తోంది. సైన్సు సంగతి సరేసరి. గుడ్డు గుండెకి చేటని పదేళ్ళు భయపెట్టారు, తర్వాత రోజుకొకటి తినమన్నారు. మరి ఆ పదేళ్ళూ నేను తినని గుడ్లు ఎవడిస్తాడు? కొన్న ప్రతి వస్తువు గ్యారంటీ కార్డునీ, దాని మీద నేను రాసిన ఫిర్యాదు నకలునీ ఒక అట్టపెట్టెలో దాస్తాను. అందులో కాగితం లేనిది నా కుట్టుమిషన్ ఒక్కదానికే. అది ఇరవై ఆరేళ్ళుగా మారుమాట లేకుండా పనిచేస్తోంది.

అలాంటి నా ఇంటికి ఒక ఆదివారం మా వదిన, అంటే మా ఆయన అక్క, వచ్చి కూర్చుని, తమ్ముడికి చెవి మిషన్ కొంటున్నానని చెప్పింది. ముప్పై రోజులు వాడి చూడొచ్చట, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చట. ముప్పై ఒకటో రోజున పాడవుతుందేమో కనుక్కున్నారా అని అడిగాను. నా మాట వినిపించనట్టే కాఫీ తాగింది. చెవులు బాగున్నవాళ్ళతో ఇదే గొడవ.

మా ఆయన కలప మిల్లులో పెద్ద రంపం దగ్గర ఇరవై రెండేళ్ళు పనిచేశారు. ఆ రంపం రోజూ ఇంత చొప్పున ఆయన వినికిడిని కోసుకుపోయింది. మొదట గడియారం చప్పుడు పోయింది, తర్వాత తలుపు తట్టడం, ఆఖరికి మనుషుల మాటలు. ఇప్పుడు అదే మిల్లులో చెక్కలు కొలిచి గుర్తులు పెట్టే పని చేస్తున్నారు. పదిహేనేళ్ళుగా ఆయనకి చెవి నేనే. ఎవరేమన్నా నావైపు తిరుగుతారు. నేను ముఖం ఎదురుగా పెట్టి, పెదాలు బాగా కదుపుతూ, గొంతెత్తి ఆ మాట మళ్ళీ చెబుతాను.

ఉన్నది ఉన్నట్టు చెబుతానని కాదు. నాది ఆల్టరేషన్ పని. పొడుగు ప్యాంట్లు కురచ చేస్తాను, బిగుతైన కోట్లు వదులు చేస్తాను. మాటల్ని కూడా అలాగే చేసి ఇచ్చేదాన్ని. మా వదిన అరగంట సేపు ఏకరువు పెడితే "బాగున్నావా అంటోంది" అని ముగించేదాన్ని. క్యారేజీ తీసుకుని మిల్లుకి వెళ్ళినప్పుడు యజమాని "ఈ చెవిటి మాలోకంతో చస్తున్నానమ్మా" అంటే, "నిదానంగా చేయమంటున్నారు" అని చెప్పేదాన్ని. ఆయన సంతోషంగా తలూపేవారు. ఎవరికి నష్టం?

ఇంకో సంగతి కూడా ఉంది, సిగ్గు విడిచి చెబుతున్నాను. మాట తెలియాలంటే పెదాలు చూడాలి కదా, ఆయన రోజంతా నా ముఖమే చూసేవారు. పెళ్ళైన కొత్తలో కూడా అంతసేపు చూడలేదు. మా వీధిలో ఏ ఆడదానికైనా ఆ భాగ్యం ఉందేమో అడిగి చూడండి. అందరి మొగుళ్ళూ పేపరు చూస్తారు, ఫోను చూస్తారు, గోడ చూస్తారు.

వినికిడి సెంటర్లో ఒక అమ్మాయి తెల్లకోటు వేసుకుని ఉంది. తెల్లకోటు చూస్తే నాకు పళ్ళపొడి ప్రకటనే గుర్తొస్తుంది. ఆ అమ్మాయి నన్ను "ఆంటీ" అని ఒక మూల కూర్చోబెట్టి, ఆయన చెవుల్లో చిక్కుడుగింజంత మిషన్లు రెండు పెట్టింది. పైన బొత్తాం పైకి నొక్కితే సౌండు పెరుగుతుంది, కిందికి నొక్కితే తగ్గుతుంది అని చూపించింది. తర్వాత కంప్యూటర్లో ఏవో గీతలు సర్దింది. చేతిలో పెన్ను టిక్కుమనిపించగానే మా ఆయన ఉలిక్కిపడ్డారు. ఆ తర్వాత చిన్నపిల్లాడిలా నవ్వారు. నావైపు తిరిగి కాదు, ఆ పెన్నువైపు చూసి.

ఆ నవ్వుతోనే నాకు ఒళ్ళు మండటం మొదలైంది.

ఇంటికొచ్చాక ఇక ఆయన నా మనిషి కాదు. ఫ్రిజ్ దగ్గర చెవి పెట్టి నిలబడతారు. కొళాయి చుక్కలు లెక్కపెడతారు. మెట్ల మీద కింద వాటా ఆయనతో గంటలు గంటలు కబుర్లు. వదిన ఫోను చేస్తే తనే తీసుకుని అరగంటా విన్నారు. పెట్టేశాక "అక్క ఇంత మాట్లాడుతుందా?" అని నన్నొక చూపు చూశారు. నేను జిప్పు కుట్టే పనిలో మునిగిపోయాను. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అన్నారా? రెండు గింజలొచ్చి చెవుల్లో కూర్చునేసరికి నా పదిహేనేళ్ళ కష్టం మూలన పడింది. భోజనాల దగ్గర నేను మాట్లాడుతుంటే కిటికీవైపు తిరిగి తింటున్నారు. ఎవరో సైకిలు బెల్లు కొడుతున్నారట.

మిషన్‌ని చూసి కుళ్ళుకునే ఆడది ఉంటుందా అంటారు. ఉంది, నేనే. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు డబ్బా తెరిచి వాటిని చూసేదాన్ని. నున్నగా, పద్ధతిగా, ఒకదాని పక్కన ఒకటి పడుకుని ఉండేవి. సవతి పోరు కథల్లో విన్నాను కానీ ఇద్దరు సవతులు జంటగా రావడం ఎక్కడా వినలేదు. తీసి కిటికీలోంచి విసిరేద్దామని ఒకసారి అనిపించిన మాట నిజం. రసీదు వదిన పేరు మీద ఉండబట్టి ఆగాను.

పదకొండో రోజున ఒకటి గమనించాను. ఆయన మెట్ల మీద కబుర్లలో ఉండగా వెళ్ళి, కాఫీ చల్లారిపోతోందని చెప్పాను. ఆయన చేయి చెవి దగ్గరికి వెళ్ళింది. మిషన్లు రెండూ తీసి జేబులో వేసుకుని, నా ముఖంలోకి చూసి "ఏంటి?" అన్నారు. మొదట పొంగిపోయాను. ఎన్ని ఊడిపడినా ఆయనకి నా ముఖమే కావాలనుకున్నాను. ఆ రోజే ఇంకో రెండుసార్లు అలాగే చేశారు. మర్నాడు ఐదుసార్లు. అప్పుడు లెక్క తేలింది. కింద వాటా ఆయన మాట కావాలి, కొళాయి మాట కావాలి, దారిన పోయే సైకిలు మాట కావాలి. నా మాట మొదలైతే మాత్రం చెవులు తీసి జేబులో పెట్టుకోవాలి.

మా వదినైతే అపార్థమంటుంది కనుక పరీక్ష పెట్టాను. ఆయన నాకు వీపు పెట్టి కూర్చున్నప్పుడు, కుట్టు ఆపి, మామూలుగా "దారం రీలు ఇటివ్వండి" అన్నాను. ఆయన భుజం బిగుసుకుంది. విన్నారన్నమాట. మిషన్లు తీసేసి, అప్పుడు నావైపు తిరిగారు. ఎందుకు తీశారని ముఖం మీదే అడిగితే బ్యాటరీ ఆదా చేస్తున్నానన్నారు. మా ఆయనకి అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి, ఆ రోజు మెడదాకా ఎర్రబడ్డాయి.

ఇక ఆలోచించలేదు. ఇరవై ఎనిమిదో రోజున అట్టపెట్టెలోంచి కాగితాలు తీసి, వదినని రమ్మని, ఆయన్ని ముందు నడిపించుకుని సెంటర్‌కి వెళ్ళాను. ఇంకో రెండు రోజులు దాటితే అవి ఎప్పటికీ మా ఇంట్లోనే ఉంటాయి, నేను కుట్టుమిషన్ పక్కన ఇంకో సామానునై ఉంటాను. వెనక్కి తీసుకోండి, వీటివల్ల ఉపయోగం లేదు అని తెల్లకోటు పిల్లకి చెప్పాను. ఆ అమ్మాయి నాతో మాట్లాడకుండా నేరుగా ఆయన్నే అడిగింది, ఇబ్బందేంటి అంకుల్ అని. పదిహేనేళ్ళలో నన్ను దాటి ఆయన్ని అడిగిన మొదటి మనిషి.

ఆయన కాసేపు మోకాళ్ళు రుద్దుకున్నారు.

"అందరి మాటా బాగానే వినిపిస్తోందమ్మా. మా ఆవిడదే రావట్లేదు. ఎవరో వేరే మనిషి మాట్లాడుతున్నట్టుంటుంది. అందుకే తీసేస్తుంటాను. తీసేసి పెదాలు చూస్తే చాలు, తన గొంతు తనదిలాగే వినిపిస్తుంది నాకు."

నా గుండెల మీంచి బరువు దిగిపోయింది. అదా సంగతి! నా మొగుడు నా గొంతు కోసమే మిషన్లు తీసేస్తున్నాడు, తప్పంతా కంపెనీది. ఫిర్యాదులు రాసే చెయ్యి దురదపెట్టింది. లోకంలో అందరి గొంతులూ పలికించి ఒక్క నా గొంతునే పాడుచేసే మిషన్ ఏం మిషన్, మీ సైన్సు ఇంతేనా అని దులిపేశాను. ఆ అమ్మాయికి కోపం రాలేదు. పరీక్ష చేద్దాం ఆంటీ అంది. పరీక్షంటే నాకూ ఇష్టమే.

మైకు ముందు కూర్చోబెట్టి, బల్ల మీదున్న కాగితంలో నాలుగు వాక్యాలు మా చేత చదివించింది. మొదట తను, తర్వాత వదిన, ఆఖర్న నేను. తర్వాత ఆ మూడూ మిషన్‌తో పని లేకుండా స్పీకర్లో వినిపించింది. ఆ అమ్మాయి గొంతు అచ్చం ఆ అమ్మాయిదే. వదిన గొంతు చుక్క తేడా లేదు, సాగదీతతో సహా. మూడోది మొదలైంది. జీర, మధ్యలో పగులు, నేల మీద బల్ల ఈడ్చినట్టు.

"ఇదెవరిది?" అన్నాను.

మీ పెట్టెలో ఏదో తేడా ఉంది, మళ్ళీ పెట్టమన్నాను. మళ్ళీ పెట్టింది. ఎవరి గొంతు వాళ్ళకి కొత్తగానే ఉంటుంది, అందుకే పక్కవాళ్ళని అడగాలి అని వదినవైపు చూసింది. ఎప్పుడూ గంట సేపు చెప్పే మా వదిన ఆ రోజు రెండే మాటలు చెప్పింది.

"నీదే అమ్మాయ్. పదేళ్ళ నుంచి ఇలాగే ఉంది. పెళ్ళినాటికి ఎంత మెత్తగా ఉండేదో."

ఆ తెల్లకోటు పిల్లకి లోకజ్ఞానం తక్కువ. తెలిసింది చెప్పేసింది. రోజూ గొంతెత్తి మాట్లాడేవాళ్ళకి ఇలా అవుతుందట. టీచర్లకి, సంతలో సరుకులమ్మేవాళ్ళకి, ఇంట్లో వినపడనివాళ్ళు ఉన్నవాళ్ళకి.

ఆ మాట ముందు నా చేతికి వచ్చి ఉంటే కచ్చితంగా ఆ ఆఖరి ముక్క కత్తిరించేదాన్ని. ఆయనకి అది చేరనిచ్చేదాన్ని కాదు. కానీ ఆయన చెవుల్లో మిషన్లున్నాయి, మాట మొత్తంగా వెళ్ళిపోయింది. అర్థం కోసం నావైపు తిరగలేదు. తల దించుకున్నారు.

"నా వల్లేనా?" అన్నారు.

"వయసు," అన్నాను.

"కత్తిరించకుండా చెప్పు."

ఇందాక స్పీకర్లో విన్న జీర ఇప్పుడు నా గొంతులో నాకే వినిపిస్తోంది. నోరు తెరవడానికి సిగ్గేసింది, ఏడుపొచ్చింది. అన్ని రోజులూ ఆ గింజల్ని చూసి కుళ్ళుకున్నాను కానీ అవి పాపం ఉన్నది ఉన్నట్టే చెప్పాయి. మిషన్లు తీసేసినప్పుడల్లా ఆయన వెళ్ళి కలుసుకునేది ఇంకొకావిడని. మెత్తటి గొంతుది, నలభై నిండనిది. పదిహేనేళ్ళుగా నేను పెదాలు కదుపుతుంటే ఆయనకి వినిపించింది ఆవిడే. నేను అరిచాను, ఆవిడ పలికింది. ఆవిడ మీద నాకు పుట్టిన కుళ్ళు ఇంతా అంతా కాదు. ఆ గొంతు ఒకప్పుడు నాదేనన్న మాట కూడా నన్ను ఓదార్చలేదు.

వెనక్కి తీసుకోమంటారా ఆంటీ అని ఆ అమ్మాయి కాగితం ముందు పెట్టింది. సంతకం పెడితే ఆయన చూపు మళ్ళీ నాది. రోజంతా నా ముఖం చూస్తారు, లోపల ఆవిడ మాట వింటారు. పెన్ను చేతిలోకి తీసుకున్నాను కూడా. అది టిక్కుమంది. ఆయన తలెత్తారు.

పెన్ను కింద పెట్టి, వచ్చిన గొంతుతోనే చెప్పాను. "ఆవిడ లేదండీ. మీకు చెప్పీ చెప్పీ అయిపోయింది. ఇక నాతోనే సర్దుకోవాలి."

రసీదు మడిచి వదిన చేతిలో పెట్టాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన ఆయన, ఇటు నేను. వదిన ముందు సీట్లో కూర్చుంది. నేను నోరు విప్పలేదు. మూడు స్టాపులు దాటాక ఆయన మోచేత్తో పొడిచి, "మాట్లాడు. అలవాటు చేసుకోవాలిగా," అన్నారు. ఏం మాట్లాడను? తెలిసింది మొదలుపెట్టాను. ఈ మిషన్లకి గ్యారంటీ రెండేళ్ళే ఇచ్చారు, రెండేళ్ళ రెండు నెలలకి పోతాయి చూడండి, అప్పుడు నేను రాసే ఉత్తరానికి కంపెనీవాడు గడగడలాడాలి అన్నాను. పక్క బస్సు హారన్ మోతలో నా మాట సగం కొట్టుకుపోయింది. అలవాటుకొద్దీ గొంతెత్తబోయాను. ఆయన వద్దన్నట్టు నా మోకాలి మీద చెయ్యి వేశారు.

రెండో చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళింది. నా నోట మాట ఆగిపోయింది.

ఆయన బొత్తాన్ని పైకి నొక్కి, "ఊఁ, రెండేళ్ళ రెండు నెలలకి?" అన్నారు.