తూకానికి నిలవని ట్రిగ్గర్

పిట్స్‌బర్గ్ అవతలి గాజు ఫ్యాక్టరీ వెర్నా వేళ్లను నమిలేసింది. సీసాలు సర్దీ సర్దీ కణుపులు బిగుసుకుపోయాయి. పని మాన్పించేటప్పుడు కంపెనీవాళ్లు ఒక గోడగడియారం చేతిలో పెట్టారు. దానికి కీ ఇవ్వడం కూడా ఆమె వల్ల కాలేదు. సిగ్గులేని జాతి.

ఆమెకు మిగిలిన సంతోషం క్లబ్బులో పిస్టల్ పోటీ ఒక్కటే. చలికాలంలో అదీ పోయింది. ట్రిగ్గర్ మీద వేలు వణుకుతుందే తప్ప నొక్కలేకపోతోంది. పిస్టల్‌ని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేసింది.

ఆ ముఖం చూడలేకపోయాడు మొగుడు ఎమిల్. ఆమె చర్చికి వెళ్లినప్పుడు పిస్టల్‌ని దించి విప్పి లోపలి అంచులు నునుపు చేశాడు, స్ప్రింగు మార్చాడు. ట్రిగ్గర్ వెన్నలో వేలు దిగినట్టు దిగింది. ఆమెతో మాత్రం, "నూనె లేక పట్టేసిందంతే. కీళ్ల నొప్పికని వేడి మైనంలో చెయ్యి ముంచుతున్నావుగా, అది మానకు, వేళ్లు అవే దారికొస్తాయి" అన్నాడు.

ఆమె నమ్మింది. వసంతానికి గుళ్లన్నీ నల్లచుక్క మధ్యనే దిగుతున్నాయి. "చూశావా ముసలోడా, చచ్చిన వేలు బతికొచ్చింది" అని మురిసిపోయింది. నిజం చెప్పడానికి ఎమిల్‌కి నోరు రాలేదు.

పోటీలో వెర్నా గెలిచింది. గెలిచినవాళ్ల పేరు గోడకెక్కాలంటే ముందు వాళ్ల పిస్టల్ ట్రిగ్గర్ మరీ తేలిగ్గా లేదని తూచి చూడాలి, అది క్లబ్బు రివాజు. ఆ సంగతి ఎమిల్ మరిచిపోలేదు. ఆమె గెలుస్తుందనుకోలేదు, అంతే.

"కుర్రాళ్ల పరువు తీశావు గదా వెర్నా. ఇటివ్వు, ఆ లాంఛనం కూడా కానిద్దాం" అన్నాడు తూకం చూసే డెల్బర్ట్. ఖాళీ పిస్టల్ గొట్టాన్ని పైకి పెట్టి, ట్రిగ్గర్‌కి తూకపు గుండు తగిలించి లేపాడు. గుండు లేచేదాకా ట్రిగ్గర్ నిలవాలి, ముందే పడితే గెలుపు చెల్లదు.

టక్.

"మళ్లీ చూడు" అంది వెర్నా.

మళ్లీ టక్. డెల్బర్ట్ గొంతు తగ్గించాడు. "దీన్ని ఎవరైనా విప్పి మార్చారా?"

వెర్నా మొగుడి వైపు చూసింది. ఎమిల్ తన బూట్లు చూసుకుంటున్నాడు.

"నీ పిస్టల్ ఇటివ్వు" అంది అతనితో. అతని పిస్టల్ ఖాళీగా ఉందో లేదో చూసుకుని నల్లచుక్క ఉన్న అట్టకు గురిపెట్టింది. బలంకొద్దీ నొక్కింది. ట్రిగ్గర్ కదల్లేదు. పిస్టల్ బల్ల మీద పెట్టేసింది.

"వేలు బతికించాడని రోజూ దేవుడికి దండం పెట్టుకున్నాను ఎమిల్" అంది. "ఆయనేం చేశాడని?"

"నువ్వు నవ్వుతున్నావు కదా అని..."

"దాన్ని మళ్లీ పాత బిగువుకి తెచ్చిపెట్టు."

"నొక్కలేవు వెర్నా."

"తెలుసు. ఇంట్లో నాకు అబద్ధం చెప్పనిది ఒక్కటన్నా ఉండాలి."