కొండ కింద పొలమారింది

దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి తెచ్చి చూపించడమే నా పని. నేను ఒక దుర్భిణిని. డెహ్రాడూన్‌లో ఒక పెద్దాయన నా అద్దాలను ఓపిగ్గా అరగదీసి, తుడిచి, కిటికీలోంచి కొండను చూసి సరే అన్నాడు. అక్కడినుంచి వచ్చి విశాఖ రేవులో సింహాద్రి మెడకెక్కాను. ఆయన పెద్ద ఓడలను రేవులోకి లాగే టగ్గు పడవ నడిపేవాడు. వచ్చే ఓడలను చూడమని నన్నిస్తే, అవతలి గట్టున బజ్జీల బండి తెరిచారా లేదా అని చూసేవాడు.

ఆయన రిటైరయ్యాక భార్య చంద్రకాంతం చేతికొచ్చాను. ఆవిడ బడిలో జీవశాస్త్రం చెప్పేది. గోడమీది పటంలో గొరిల్లాను బెత్తంతో చూపిస్తూనే ఉద్యోగమంతా గడిచిపోయింది. అసలుదాన్ని దాని అడవిలోనే ఒక్కసారి చూడాలని ఆవిడ కోరిక. ఉగాండా కొండలెక్కడానికి అనుమతి వచ్చిన రోజు ఇంట్లో పెళ్లి కుదిరినంత సందడి. కానీ అనుమతి ఒక్క రోజుకే. పైగా దగ్గు, జలుబు ఉన్నవాళ్లను కొండ ఎక్కనివ్వరు. మన జబ్బులు వాటికి ఇట్టే అంటుకుంటాయట.

ఇక సింహాద్రి ఇంటికి పోలీసయ్యాడు. ఐస్‌క్రీం బంద్, వానలో తడవడం బంద్, పొద్దున్నే మిరియాల కషాయం. అలవాటు కోసం ఆవిడ బూట్లు వేసుకుని సింహాచలం మెట్లెక్కుతుంటే, మెడలో ఊగుతూ నేనూ ఆయాసపడేదాన్ని. దురదగొండి తగలకుండా చేతి తొడుగులు, ప్యాంటు మీదికి లాక్కునే మేజోళ్లు, మాస్కులు, వానకోటు అన్నీ సర్దారు. అన్నిటికన్నా పైన సింహాద్రి ఒక కారప్పొడి డబ్బా పెట్టాడు.

కొంపముంచింది అదే. ఉగాండాలో కొండ కింద, బయలుదేరే ముందు, చప్పటి ఆమ్లెట్ మీద ఆయన ప్రేమగా కారప్పొడి చల్లాడు. మొదటి ముక్కకే చంద్రకాంతానికి పొలమారింది. కళ్లవెంట నీళ్లు, ఆగని దగ్గు. గైడు తుముసీమె ముఖం మారిపోయింది. నాకు భయమేసింది. ఇన్నాళ్ల కోరిక గడపదాకా వచ్చి వెనక్కి పోతుందా?

సింహాద్రి మాత్రం అలవాటుగా ఆవిడ నడినెత్తిన తట్టాడు. "ఎవులో నిన్ను తలుసుకుంతన్నారే."

ఎందుకు కొడుతున్నాడని గైడు అడిగాడు. ఆవిడ దగ్గుతూనే ఇంగ్లీషులో సంగతి చెప్పి డబ్బా చేతికిచ్చింది. గైడు నమ్మలేదు. వేలితో అద్దుకుని నాకాడు. మరుక్షణం ఆయనకూ పొలమారింది. సింహాద్రి ఊరుకుంటాడా, ఆయన నెత్తినా తట్టాడు.

"మీ ఆవిడే అయ్యుంతాది, బాబూ."

ఆవిడ ఆ మాటను ఇంగ్లీషులో చెప్పగానే అందరూ ఘొల్లున నవ్వారు. ఇద్దరూ మంచినీళ్లు తాగి కుదుటపడ్డారు. గైడు ఆవిడకు జ్వరం లేదని చూసుకుని, మళ్లీ దగ్గు వస్తుందేమోనని కాసేపు కూర్చోబెట్టి, అప్పుడు పదండి అన్నాడు. డబ్బా మాత్రం తిరిగివ్వలేదు.

చాలాసేపు ఎక్కాక వెదురు పొదల పక్కన తల్లి గొరిల్లా కనిపించింది. చంద్రకాంతం నన్ను కళ్లకు పెట్టుకుంది. నాలోంచి నల్లటి బొచ్చు తప్ప ఇంకేమీ కనిపించలేదు. అంత దగ్గర. ఆవిడ నన్ను మెల్లగా దించేసింది. పనికిరాకుండా పోయినందుకు నేను సంతోషించింది ఆ ఒక్కసారే. ఆ తల్లి ఆకు నములుతూ తలెత్తి ఆవిడను చూసింది. ఆవిడ గుండె దడదడ నా వీపుకు తగులుతోంది.

ఇప్పుడు భోజనాల గదిలో మేకుకు వేలాడుతున్నాను. నిన్న అన్నం తింటుంటే ఆవిడకు మళ్లీ పొలమారింది. సింహాద్రి చెయ్యెత్తాడు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"తట్టకండి. కొండమీదావిడ తలుచుకుంటున్నట్టుంది. కాసేపు తలుచుకోనీండి."